కొసరు నూట డెబ్బై గ్రాములు

2006 జూన్, జూలై నెలల్లో నలభై రెండు రోజుల పాటు నేను నమీబియా దేశంలో చీతాలకు మాంసం తూచాను. అప్పటికి నాకు అరవై మూడేళ్ళు. జీతం లేని పని, స్వచ్ఛందంగా ఒప్పుకున్నది. ఆ పని నేను సరిగా చేశానని మూడు నెలలు నమ్మాను. చేయలేదని అక్టోబరులో పుదుచ్చేరిలో, మూలకుళంలోని మా ఇంటి వరండాలో కూర్చుని తెలుసుకున్నాను. ఈ రెండింటి మధ్య జరిగినదే ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. ముప్పై నాలుగేళ్ళు చేసి 2003లో విరమించాను. అంగళ్ళలోని తూకపు రాళ్ళను, తక్కెడలను ఏటా పరీక్షించి ముద్ర వేయడం, దొంగ తూకం దొరికితే కేసు రాయడం నా పని. ముత్తియాల్‌పేటలో మా నాన్నకు బియ్యం కొట్టు ఉండేది. పదో ఏట నుంచి పదహారో ఏట దాకా, బడి విడిచాక రోజూ రెండు గంటలు అక్కడ తక్కెడ దగ్గర నిలబడ్డాను. తెలుగు అక్షరాలు నాన్న ఆ కొట్టులోనే నేర్పాడు. మా వాళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారే తప్ప చదవగలిగేవారు తక్కువ. మా అక్కకు ఈనాటికీ రాదు. నాన్న తూచిన ప్రతిసారీ ముల్లు నిలబడ్డాక, సంచిలో పోశాక, ఇంకో పిడికెడు కొసరు వేసేవాడు. ఉద్యోగంలో చేరిన తరువాత నాకు ఆ కొసరు నచ్చలేదు. తూకం సరిగా ఉంటే కొసరుతో పని లేదు. కొసరు వేసే వర్తకుడు తన తక్కెడ మీద తనకే నమ్మకం లేదని ఒప్పుకుంటున్నట్టే. ఈ మాట నాన్న ముఖం మీదే అన్నాను. ఆయన నవ్వి, నాకు కూడా ఒక పిడికెడు బఠాణీలు ఎక్కువ పెట్టాడు.

నా భార్యకు 2004 జనవరిలో మూత్రపిండాల జబ్బు అని తేలింది. భోజనం కొలత ప్రకారం పెట్టాలని డాక్టరు రాసి ఇచ్చాడు. పూటకు తొంభై గ్రాముల బియ్యం, ఇంత పప్పు, ఇంత నీరు. పద్నాలుగు నెలలు నేనే తూచాను. అందుకు ఒక చిన్న త్రాసు ఉంచుకున్నాను, గ్రాములో పదో వంతు దాకా చూపేది. ప్రతి పూటా పుస్తకంలో రాశాను. ఆమె బరువు యాభై రెండు కిలోల నుంచి నలభై ఒకటికి వచ్చింది. 2005 మార్చిలో, సాయంత్రం నాలుగూ ఇరవైకి పోయింది. ఆ వేళ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. తరువాత కొన్ని నెలలు నేను పన్నెండు గంటలకు వంటింట్లోకి వెళ్ళి త్రాసు ముందు నిలబడుతూ వచ్చాను. ఏడ్చానని చెప్పలేను. నిలబడ్డాను, అంతే. తరువాత త్రాసును గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాను.

మా మేడ మీద వాటాలో ఒక ఫ్రెంచి ఆవిడ అద్దెకు ఉండేది, బడిలో పంతులమ్మ. అంతకు రెండేళ్ళ ముందు వేసవి సెలవుల్లో నమీబియాలో చీతాలను సంరక్షించే ఒక కేంద్రంలో పని చేసి వచ్చింది. ఒకనాడు నా పుస్తకాలు చూసింది. అక్కడికి వచ్చే కుర్రకారుకు జంతువులతో ఫొటోలు కావాలి గాని, రోజూ ఒకే వేళకు తూచి రాసేవాళ్ళు దొరకరని చెప్పింది. ఉత్తరం ఆమే రాసింది. నేను వద్దనలేదు. వద్దనడానికి కూడా కొంత ఇష్టం అయిష్టం ఉండాలి కదా.

ప్రయాణం సంగతి తెలిసిన రోజున మా అక్క పక్క వీధి నుంచి వచ్చింది. నాకంటె అయిదేళ్ళు పెద్దది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఏందిరా, పులులకి కూడు పెట్టేదానికి పోతుండావంట?"

"పులులు కాదక్కా. చీతాలు."

"యేదో ఒకటి. మూలకుళంలో పిల్లులు లేవా? రోజూ మా పెరట్లో ఆరు తిరగతా ఉండాయి. వాటికి పెట్టు, పుణ్యం వస్తాది. విమానం ఎక్కి పోయి పెట్టాల్నా?"

"అక్కడ తూచేవాళ్ళు లేరంట."

"ఓ, తూచేదానికా!" అని అక్క నా వైపు చూసింది. "అట్ల చెప్పు. ఇంట్లో మనిషికి గ్రాము గ్రాము తూచినావు, ఇప్పుడు పులికి తూస్తావు. పాపం ఆ పులి."

మందుల పెట్టెలో ఏమేమి సర్దాలో జాబితా రాస్తున్నాను, అది పూర్తి చేశాను.

చీతాకు, చిరుతపులికి తేడా తెలియనివారి కోసం ఒక మాట. చిరుత ఒంటి మీద పూల వంటి గుర్తులుంటాయి, చీతా ఒంటి మీద ఉత్త నల్ల చుక్కలు. చీతా కంటి కొన నుంచి మూతి దాకా కాటుక కారినట్టు ఒక నల్లని గీత ఉంటుంది. చీతా గర్జించదు. మా కేంద్రంలో ఇరవై మూడు ఉండేవి. గొర్రెల మందల జోలికి వచ్చాయని రైతులు పట్టించినవి కొన్ని, తల్లి చచ్చి మిగిలిన కూనలు కొన్ని. వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు. నేను నంబర్లతోనే రాసుకున్నాను.

పధ్నాలుగో నంబరు పదకొండేళ్ళ ఆడది. ఆ జంతువుకు అది ముసలితనమే. మూత్రపిండాలు చెడిపోతున్నాయని అక్కడి పశువైద్యురాలు కనిపెట్టి, రోజుకు పదకొండు వందల గ్రాముల మాంసం అని నిర్ణయించింది. మూత్రపిండాలు అన్న మాట విన్నప్పుడు నాలో ఏమైనా కదిలిందా అని తరువాత చాలామంది అడిగారు. లేదు. పదకొండు వందలు అని రాసుకున్నాను. మిగతా వాటికి మేము వంతుల ప్రకారం మారి మారి పెట్టేవాళ్ళం. పధ్నాలుగో నంబరు బాధ్యత మాత్రం నలభై రెండు రోజులూ నాదే. వారానికి ఒకరోజు ఉపవాసం తీసేస్తే ముప్పై ఆరు రోజులు.

ఉదయం ఎనిమిదికి రేకుల షెడ్డులో బల్ల ముందు నిలబడేవాడిని. జూన్‌లో అక్కడ చలికాలం, వేళ్ళు మొద్దుబారేవి. ఎడమ పక్క గాడిద మాంసం ముక్కలతో నిండిన బకెట్టు, కళ్ళకు ఎదురుగా వేలాడే గడియారపు ముఖం త్రాసు, కుడి పక్క వరుసగా తిండి గిన్నెలు. పళ్ళెంలో ముక్కలు వేసి, ముల్లు నిలిచాక అంకె చూసి, పుస్తకంలో రాసి, గిన్నెలో కుమ్మరించాలి. తరువాత దాని మీద ఎముకల బలానికి కాల్షియం పొడి చల్లి కంచె దగ్గరకు తీసుకుపోవాలి. అది గిన్నె దగ్గరకు మెల్లగా వచ్చేది. తినేటప్పుడు పిల్లి లాగే గురగురమనేది. పన్నెండు నుంచి పధ్నాలుగు నిమిషాలలో ముగించేది. నేను చేరిన రోజున దాని బరువు ముప్పై ఎనిమిది కిలోలు. నేను బయలుదేరిన రోజున ముప్పై ఎనిమిది కిలోల వంద గ్రాములు. పశువైద్యురాలు నా పుస్తకం తిరగేసి, ఇంత శుభ్రమైన లెక్క ఇక్కడ ఎవరూ రాయలేదని అన్నది. నేను చెయ్యి కలిపి వచ్చేశాను.

పుదుచ్చేరిలో నాకు ప్రతి శనివారం సారంలోని ఒక బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళి ఈమెయిలు చూసుకునే అలవాటు ఉండేది. అక్టోబరులో ఒక శనివారం అక్కడికి పశువైద్యురాలి ఉత్తరం వచ్చి ఉంది. ముద్రించి ఇంటికి తెచ్చుకున్నాను. అందులో ఉన్నది ఇది. నేను వచ్చేసిన తరువాత కూడా పధ్నాలుగో నంబరుకు అదే పదకొండు వందల గ్రాములు పెడుతున్నారు. బరువు మాత్రం ముప్పై ఆరు కిలోల తొమ్మిది వందలకు, అక్కడి నుంచి ముప్పై అయిదూ ఎనిమిది వందలకు, ఇప్పుడు ముప్పై నాలుగూ ఏడు వందలకు దిగింది. రక్త పరీక్షలు అటూ ఇటూ తేల్చడం లేదు. కాని నా పుస్తకం ఉంది. అదే తిండి మీద జూన్, జూలైలలో బరువు నిలిచింది, ఇప్పుడు నిలవడం లేదు. కనుక తిండి కారణం కాదు, జబ్బు ముదిరింది. బాధ పడనివ్వకుండా వచ్చే శుక్రవారం ఉదయం సూది వేసి నిద్రపుచ్చాలని నిర్ణయించారు. నా లెక్క అంత కచ్చితంగా ఉండబట్టే ఈ నిర్ణయం తీసుకోగలిగామని, నాకు ముందుగా చెప్పడం న్యాయమని ఆమె రాసింది.

నా దగ్గర ఉన్న నకలు తీసి ముప్పై ఆరు పద్దులు మళ్ళీ చూశాను. కూడికలు చూశాను. ఎక్కడా తప్పు లేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టాను.

మరునాడు ఆదివారం. పాలుకిచ్చిన మా పొలం నుంచి వేరుశనగ కాయలు ఒక మూట వచ్చాయి. ఏటా ఇరుగుపొరుగు ఇళ్ళకు తలా రెండు కిలోలు పంపడం మా ఇంటి ఆనవాయితీ. వరండాలో పాత తక్కెడ వేలాడదీసి నేను తూస్తున్నాను, అక్క సంచులు పట్టుకుంటున్నది. నాలుగో సంచి కట్టాక అక్క పకపకా నవ్వింది.

"అచ్చం నాయనేరా!"

"ఏమిటి?"

"ఏందంటే? తూచి పోస్తావు, మళ్ళా ఒక పిడికెడు వేస్తావు. నాయన చెయ్యి దించినట్టే ఉండాది."

"నేను కొసరు వెయ్యను."

"యాడ వెయ్యవు? ఇప్పుడే వేసినావే!"

"లేదక్కా. రెండు కిలోలు తూచాను, పోశాను. అంతే."

అక్క ఆ సంచి విప్పి మళ్ళీ పళ్ళెంలో కుమ్మరించింది. తక్కెడ కాయల పక్కకు వాలింది. మిగిలిన మూడు సంచులు నేనే విప్పి తూచాను. నాలుగింటిలో నాలుగూ ఎక్కువే ఉన్నాయి.

అప్పటికప్పుడు నాకు రేకుల షెడ్డు కనిపించింది. బకెట్టు ఎడమ పక్క, త్రాసు ఎదురుగా, గిన్నె కుడి పక్క. ముత్తియాల్‌పేట కొట్టులో బియ్యపు బస్తా ఎడమ పక్క, తక్కెడ ఎదురుగా, కొన్నవారి సంచి కుడి పక్క. ఇంట్లో నా భార్యకు తూచినప్పుడు కూర్చుని, చెంచాతో, చిన్న త్రాసు మీద తూచాను. ఆఫ్రికాలో నిలబడి, చేత్తో తూచాను.

నాకు అనుమానం సరిపోదు, అంకె కావాలి. శుక్రవారానికి అయిదు రోజులే ఉంది. కొసరు వేశానేమో అని రాస్తే అక్కడివారు ఏం చేయగలరు? ఎంత వేశానో రాయాలి. సోమవారం ఉదయం ముత్తియాల్‌పేటలో మాకు తెలిసిన మాంసం కొట్టుకు వెళ్ళి, నిమ్మకాయ కంటె కొంచెం పెద్దవిగా, ఒక్కొక్కటి ఎనభై తొంభై గ్రాములు వచ్చేలా ముక్కలు కొట్టించి, అయిదు కిలోలు తెచ్చాను. షెడ్డులో ఉన్న ముక్కలు ఆ పాటివే. ఇంట్లో ఏమి విశేషమని కొట్టువాడు అడిగాడు. కొలతలకు అని చెప్పాను.

ఈ పరీక్షలో ఒక చిక్కు ఉంది. చూస్తున్నానని తెలిస్తే చెయ్యి దాని పని చెయ్యదు. అందుకని అక్కను పిలిచి, నేను తూస్తున్నంతసేపూ నన్ను మాటల్లో పెట్టమని, గిన్నెలో పోశాక నేను ఏమైనా ఎక్కువ వేస్తే అది తీసి, నాకు చెప్పకుండా, వేరే కుండలో వెయ్యమని అడిగాను.

"యింట్లో కసాయి అంగడి పెట్టినావా ఏంది?" అన్నది అక్క. విషయం చెప్పాను. శుక్రవారం సంగతీ చెప్పాను. ఆమె కొంగు బిగించుకుని నా కుడి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. "సరే, తూయి. మాటలే కదా, నా దగ్గర ఉండాయి."

పదకొండు వందల గ్రాముల చొప్పున తూచడం మొదలుపెట్టాను, మొదటి రెండు తూకాలూ నాకు జ్ఞాపకం ఉన్నాయి. తరువాత అక్క అడగడం మొదలుపెట్టింది.

"నా మరదలు కడపటి రోజుల్లో ఇంకొంచెం అన్నం అడిగిందంట. నిజమేనా?"

"అడిగింది."

"యెన్ని సార్లు?"

"అది రాసుకోలేదు."

"అన్నీ రాస్తావే. పోయిన నిమిషం రాసినావు. అది యెందుకు రాయలేదు?"

"అది కొలత కాదు గనుక."

"పెట్టినావా?"

"డాక్టరు తొంభై గ్రాములన్నాడు."

"డాక్టరు నాక్కూడా చక్కెర తినొద్దన్నాడులే. నేను అడిగింది అది కాదు. పెట్టినావా, లేదా?"

"లేదు."

"ఒక్క ముద్ద?"

"లేదక్కా."

నా చేతులు పళ్ళెంలో ముక్కలు వేస్తున్నాయి, గిన్నెలో పోస్తున్నాయి. పోసిన గిన్నెను మళ్ళీ బకెట్టులో ఒంపి, మళ్ళీ మొదలుపెడుతున్నాను.

"నేను ఒక దినం చారులో కలిపి రెండు ముద్దలు పెట్టినా," అన్నది అక్క. "నువ్వు పోస్టాఫీసుకు పోయింటివి. అది తిని, మీ తమ్ముడికి చెప్పొద్దు వదినా, లెక్క తప్పిపోతాది అని నవ్వింది."

"ఏ నెలలో?"

"యే నెలో నాకేం తెలుసురా! వాన పడతా ఉండింది."

ఇరవై తూకాలు అయ్యాయని అక్కే చెప్పింది. కుండ తెచ్చి నా ముందు పెట్టింది. ఇరవైలో పద్దెనిమిది సార్లు కొసరు వేశానట. మొదటి రెండు సార్లు మాత్రం వెయ్యలేదట. ఎక్కువగా రెండేసి ముక్కలు, కొన్నిసార్లు మూడు. కుండలో ఉన్నది మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఇరవైతో భాగిస్తే తూకానికి నూట డెబ్బై గ్రాములు. ముప్పై ఆరు రోజులకు ఆరు కిలోల నూట ఇరవై గ్రాములు. అంత మాంసం ఏ పుస్తకంలోనూ లేదు. పధ్నాలుగో నంబరు నిలబడింది పదకొండు వందల మీద కాదు, సుమారు పన్నెండు వందల డెబ్బై మీద. నేను వచ్చేసిన రోజున దానికి పెట్టే తిండి తగ్గింది. తగ్గినట్టు ఎవరికీ తెలియదు.

"పులికి నూట డెబ్బై," అన్నది అక్క. "నా మరదలికి?"

"సున్న," అన్నాను.

అక్క మాంసమంతా తీసుకుపోయి కడిగి, పెద్ద గిన్నెలో కూర వండి, మధ్యాహ్నానికి ఆరిళ్ళకు పంచింది.

ఆ సాయంత్రం సారం వెళ్ళి ఉత్తరం టైపు చేశాను. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇతరుల తూకం చెల్లదని కొన్ని వందల కాగితాలు రాశాను. నాది చెల్లదని రాయడం అదే మొదటిసారి. ఆ కాగితాల వరసలోనే రాశాను. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ అంకె తప్పు, ఎంత తప్పు, ఎలా తెలిసింది, ఎన్ని తూకాల మీద తెలిసింది. కొసరు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి నాలుగు వాక్యాలు పట్టింది. వంతుల ప్రకారం నేను పెట్టిన మిగతా జంతువుల పద్దులు కూడా నమ్మదగినవి కావని చేర్చాను. చివర, శుక్రవారం నిర్ణయానికి నా పుస్తకం ఆధారమైతే ఆ ఆధారం లేదని రాశాను. మీట నొక్కాను. సమయం ఆరూ పది.

మంగళవారం వెళ్ళి చూశాను. జవాబు లేదు. బుధవారం రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఉంది, మూడే వాక్యాలు. నూట డెబ్బై అన్న అంకె మీద మీకు ఎంత నమ్మకం అని మొదటిది. శుక్రవారం సంగతి రెండు వారాలు ఆపుతున్నామని రెండోది. ఈ రోజు నుంచి పన్నెండు వందల డెబ్బై పెడుతున్నామని మూడోది. ఇరవై తూకాలు, కనిష్ఠం సున్న, గరిష్ఠం మూడు ముక్కలు, అంటే సుమారు రెండు వందల అరవై అని జవాబు రాశాను. అంతకు మించిన నమ్మకం నా దగ్గర లేదు.

రెండు వారాల తరువాత వచ్చిన ఉత్తరంలో పధ్నాలుగో నంబరు బరువు ముప్పై అయిదు కిలోల మూడు వందల గ్రాములు. సూది మాట తీసివేశారు. నా ముప్పై ఆరు పద్దుల మీద నిలువుగా ఎర్ర గీత కొట్టి, తూకం నమ్మదగినది కాదని పక్కన రాసుకున్నారని, నన్ను బాధ పెట్టడం ఉద్దేశం కాదని పశువైద్యురాలు రాసింది. బాధ అనిపించలేదు. గీత కొట్టవలసినదే. నా నకలు మీద కూడా అదే చోట, అదే రంగు సిరాతో కొట్టాను.

అక్కకు చెప్పడానికి వెళ్ళాను. పెరట్లో చింతపండులో పెంకులు ఏరుతున్నది.

"బతికిందా?"

"ఆరు వందల గ్రాములు పెరిగింది."

"బతికినట్టేనా అని అడగతా ఉండా."

"ఇప్పటికి."

"ఇప్పటికే కదరా యెవరికైనా," అని అక్క ఒక పిడికెడు చింతపండు నా చేతిలో పెట్టింది. తీసుకుని ఇంటికి వచ్చాను.

ఆ మధ్యాహ్నం నా భార్య పుస్తకం తీశాను. ఒక పుస్తకం తప్పని తేలిన తరువాత, అదే చెయ్యి రాసిన రెండోదాన్ని కూడా పరీక్షించడం మా శాఖలో పద్ధతి. బీరువా మీది త్రాసు దించి, గుడ్డ విప్పి, కుర్చీలో కూర్చుని, చెంచాతో తొంభై గ్రాముల బియ్యం ఇరవై సార్లు తూచాను. అక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఈసారి ఆమె ఏమీ అడగలేదు, ఊరికే తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. అయ్యాక గిన్నెలు మళ్ళీ తూచాను. ఇరవైకి ఇరవై సార్లూ తొంభై గ్రాములే. ఒక్క గింజ కూడా ఎక్కువ పడలేదు.

అక్క పెట్టిన రెండు ముద్దల రోజు ఏదో తెలియదు, కనుక ఆ పద్దు రాయలేకపోయాను. అది తప్ప పద్నాలుగు నెలల పుస్తకంలో దిద్దవలసినది ఏదీ లేదు. అంకెలన్నీ సరిగా ఉన్నాయి. పరీక్షించిన తేదీ చివరి పేజీ అడుగున వేసి, సంతకం చేసి, పుస్తకం మూశాను.